మంచం పక్కన నిలబడి చదివేవాళ్ళ కోసం

మొన్న ఫోను బాగుచేయించుకోవడానికి బెంగళూరులో మా వీధి చివరి దుకాణానికి వెళ్ళాను. అక్కడి మెకానిక్ ఫోను వెనుక మూత విప్పి, దూదిని స్పిరిట్‌లో ముంచి లోపలంతా మెల్లగా తుడవసాగాడు. చల్లగా, కాస్త ఘాటుగా ఆ వాసన ముక్కుకు తగిలింది. స్పిరిట్ వాసన వస్తే ఎవరికైనా ఆసుపత్రి, సూది గుర్తుకొస్తాయి. నాకు కీబోర్డు గుర్తుకొస్తుంది. మదనపల్లెలో ఒక అద్దె ఇంటి ముందు గదిలో, పొద్దున పని మొదలుపెట్టే ముందు, ఒక్కో మీటనూ రోగి గోళ్ళు శుభ్రం చేసినంత ఓపికగా తుడిచే మనిషి గుర్తుకొస్తుంది. ఆమె పేరు ప్రేమలత. వీధివాళ్ళు సిస్టరమ్మ అనేవాళ్ళు. నేను అక్కా అనేదాన్ని. ఆమె దగ్గర పనిచేసింది నాలుగేళ్ళు కూడా నిండవు. అయినా ఇవాళ నేను రాసే ప్రతి వాక్యం వెనక ఆమె నిలబడి ఉంటుంది.

తొంభైలన్నీ ప్రేమలతక్క మదనపల్లెలో వార్డు నర్సుగానే గడిపింది. ఒకరోజు మంచం మీంచి జారిపోతున్న బరువైన మనిషిని పట్టుకోబోయి ఆమె నడుం పట్టేసింది. ఎన్ని మందులు వాడినా పూర్తిగా నయం కాలేదు. ఇక బరువులెత్తకూడదని డాక్టర్లు చెప్పేశారు. బరువులెత్తని నర్సు ఏం నర్సు అనుకుని తనే ఉద్యోగం మానుకుంది. ఇంట్లో పక్షవాతంతో పడి ఉన్న తల్లికి మాత్రం చివరిదాకా తనే చేసింది. పెళ్ళి చేసుకోలేదు. ఆదివారం ప్రార్థనకు వెళ్ళడం, మిగతా రోజులు తల్లి మంచం, అంతే ఆమె లోకం.

గల్ఫ్‌లో పనిచేస్తున్న ఆమె పాత స్నేహితురాలి భర్తకు ప్రమాదం జరిగి నడుం కింద స్పర్శ పోయింది. ఇంటికి తెచ్చుకున్న మనిషిని ఎలా చూసుకోవాలో తెలియక ఆ స్నేహితురాలు ప్రేమలతక్కను మెయిల్లో అడిగింది. అక్క బ్రౌజింగ్ సెంటరులో కూర్చుని, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ, పెద్ద జవాబు టైపు చేసింది. మనిషిని ఎలా తిప్పాలి, వీపు ఎప్పుడెప్పుడు చూడాలి, చర్మం ఎర్రబడితే ఏం చేయాలి, అన్నం పొరపోకుండా ఎలా తినిపించాలి. ఆ జవాబు చేతులు మారింది. ముఖం తెలియనివాళ్ళు కూడా ఆమెను అడగడం మొదలుపెట్టారు. అందరికీ విడివిడిగా రాయలేక, సెంటరు యజమాని సాయంతో అన్నీ ఒక వెబ్‌సైటులో పెట్టింది. దానికి తన పేరే పెట్టుకుంది. కొన్నాళ్ళకు ఆ పేజీల పక్కన ప్రకటనలు పెట్టుకుంటే ఆదాయం వస్తుందని తెలిసింది. తల్లి పోయేనాటికి ఆమెకు అదే జీవనాధారమైంది.

నేను డిగ్రీ పూర్తిచేసి పుంగనూరులో ఇంట్లో కూర్చున్న రోజులవి. చదివేవాళ్ళలో పరాయి దేశాలవాళ్ళే ఎక్కువ కావడంతో ప్రేమలతక్కకు ఇంగ్లీషు బాగా రాసే అమ్మాయి కావాలని తెలిసి వెళ్ళాను. అప్పటికే అక్కడ నాగవేణి ఉండేది. కుప్పం పక్క పల్లెటూరి పిల్ల, నా ఈడుదే. పేజీల్లోకి బొమ్మలు వేసేది. చేయి ఎక్కడ పెట్టాలి, మోకాలు ఎంత వంచాలి అన్నది రెండు గీతల్లో తేల్చేసేది. ప్రేమలతక్క నాకు విషయం చెప్పి, పక్షవాతం వచ్చిన మనిషిని పక్కకు తిప్పడం గురించి ఒక పేజీ రాసుకురమ్మంది. నాకు తెలిసిన గొప్ప ఇంగ్లీషు మాటలన్నీ అందులో కుమ్మరించి మర్నాడు తీసుకెళ్ళాను. ఆమె చదివింది. గది మూలన ఉన్న మంచం చూపించింది.

"సుజాతా, ఆ మంచం మీద పండుకో," అంది.

"నేనా అక్కా?"

"నువ్వే. నీకు పక్షవాతం వచ్చిండాదనుకో. కుడి చెయ్యి, కుడి కాలు నీ మాట వినవు. కదిలించొద్దు." తర్వాత నాగవేణిని పిలిచింది. "నేను ఈ కాగితం సదివి అర్థం సెప్తాను. సెప్పినట్ల ఈ పాపను తిప్పు. సెప్పంది మాత్రం చెయ్యొద్దు."

రెండో వాక్యం దగ్గరే నా కుడి చెయ్యి నా కిందే ఇరుక్కుంది. మూడో వాక్యానికి నాగవేణి నా భుజం పట్టి లాగింది. నేను కెవ్వుమన్నాను. అది చేతులు వదిలేసి, "అక్కా, చెయ్యి యాడ పెట్టాలో దీంట్లో రాయలే," అంది.

నేను నవ్వాను, నాగవేణి నవ్వింది. ప్రేమలతక్క నవ్వలేదు. మంచం పక్కకు వచ్చి, ఇరుక్కున్న నా చేతిని జాగ్రత్తగా బయటికి తీసి, మణికట్టు నిమురుతూ చెప్పింది. "మనల్ని సదివేవాళ్ళు కుర్చీలో కూర్చోని సదవరమ్మా. మంచం పక్కన నిలబడుకోని సదువుతారు. అప్పటికే వాళ్ళ చెయ్యి ఒకటి మనిషి కింద ఉంటాది. నీ మాట అర్థం కాకపోతే, ఎత్తిన మనిషిని ఏమి చేయాల వాళ్ళు?"

చదువులో నాకు ఎన్నో మార్కులు వచ్చాయి. రాయడమంటే ఏమిటో మాత్రం ఆ మంచం మీద పడుకున్నప్పుడే తెలిసింది.

ఆ తర్వాతి రెండు మూడేళ్ళు నా బతుకులో మంచి రోజులు. పొద్దున పుంగనూరులో బస్సెక్కి వచ్చేదాన్ని. రాసిన ప్రతి పేజీనీ మాలో ఒకరు మంచం మీద పడుకుని, ఒకరు చదువుతూ, ఒకరు చేసి చూసేవాళ్ళం. మధ్యాహ్నం అన్నాలు తినేటప్పుడు ప్రేమలతక్క ఆ రోజు వచ్చిన మెయిళ్ళు చదివి వినిపించేది. మాకు నోరు తిరగని ఊళ్ళ నుంచి వచ్చేవి. ఒకసారి ఎవరో లారీ డ్రైవరు రాశాడు. భార్యను ఎలా పడుకోబెట్టాలో మా పేజీ చూసి తలగడలు సర్దాడట. చాలా రోజుల తర్వాత ఆమె మూలగకుండా పడుకుందట, అందుకని తను కూడా పడుకున్నాడట. ప్రేమలతక్క చేతిలోని ముద్ద అలాగే పట్టుకుని, "ఇద్దురూ నిద్రపోయినారంట మే," అంది. ఆ రోజు సాయంత్రం దాకా ముగ్గురం ఏదో పండగలా తిరిగాం.

మా నాన్నకు పుంగనూరులో స్టీలు పాత్రల దుకాణం. నా ఉద్యోగం సంగతి ఆయనకు అంతుపట్టేది కాదు. ఒకరోజు సరుకు కోసం మదనపల్లెకు వచ్చినప్పుడు మా గదికి వచ్చి, కాఫీ తాగుతూ ప్రేమలతక్కను అడిగేశాడు.

"తప్పుగా అనుకోవద్దమ్మా. మీరు రాసింది ఎవురో యాడనో ఊరికే సదువుకుంటాండారు. దానికి మీకు దుడ్లు యాల వస్తాయి? ఎవురిస్తాండారు?"

"మీ దుకాణం గోడ మీద సిమెంటు కంపెనీ రాయించుకోనుండాది గదప్పా," అంది ప్రేమలతక్క. "గోడను సూసేవాళ్ళు మీకు దుడ్లిస్తాండారా? రాయించుకున్నోళ్ళు ఇస్తారు. ఇదీ అంతే."

నాన్న గ్లాసు కింద పెట్టాడు. "నా గోడ నా కండ్ల ముందర ఉండాదమ్మా. వాళ్ళు ఇయ్యకపోతే సున్నం కొట్టేస్తాను. మీ గోడ యాడుండాది?"

ప్రేమలతక్క నవ్వేసింది. నేనైతే నాన్న మాటకు సిగ్గుపడ్డాను. ఆయన అడిగిందాంట్లో ఎంత నిజం ఉందో మా ముగ్గురిలో ఎవరికీ అప్పుడు తట్టలేదు.

రెండు వేల ఎనిమిది చివర్లో పేపర్లలో ఆర్థిక మాంద్యం అన్న మాట రోజూ కనిపించేది. ఎక్కడో పెద్ద దేశాల్లో బ్యాంకులు మునిగిపోతున్నాయని చదివి, పేపరు మడిచి పక్కన పెట్టేవాళ్ళం. మదనపల్లెలో టమోటా లారీలు ఎప్పటిలాగే పోతుండేవి. బ్యాంకు మునగడానికీ, మా గదిలో మంచం మీద పడుకుని చెయ్యి ఎక్కడ పెట్టాలో చూసుకోవడానికీ సంబంధం ఏముంటుంది? మా పేజీల పక్కన చక్రాల కుర్చీలవాళ్ళూ, ఆసుపత్రి మంచాలు అమ్మేవాళ్ళూ, ఇంటికి నర్సులను పంపే సంస్థలూ ప్రకటనలు పెట్టేవాళ్ళు. మొదట నర్సుల సంస్థలు మాయమయ్యాయి. తర్వాత మంచాలు. ఆ తర్వాత ప్రకటన ఉన్నా దానికి వచ్చేది ఏమీ లేకుండా పోయింది.

మమ్మల్ని కలవరపెట్టింది ఇంకొకటి. మా పేజీలు చదివేవాళ్ళు తగ్గలేదు. ఎన్నడూ లేనంతగా పెరిగారు. ఒకరోజు నాగవేణి కంప్యూటరు ముందు కూర్చుని అయోమయంగా అడిగింది.

"జనం ఇంతింత మంది వస్తాండారు. దుడ్లు యాల పడిపోతాండాయి అక్కా? లెక్క ఏమన్నా తప్పిందేమో సూడు."

ప్రేమలతక్క అప్పటికే మెయిళ్ళలో చదివి తెలుసుకుంది. "లెక్క సరిగ్గానే ఉండాది. వాళ్ళ ఉద్యోగాలు పోయినాయి నాగవేణీ. ఇంట్లో పెట్టుకున్న నర్సమ్మలను మాన్పించేసినారు. ఇప్పుడు అమ్మను, నాయనను వాళ్ళే సూసుకోవాల. ఎట్ల సూడాలో తెలీక మనకాడికి వస్తాండారు. కొనేవాళ్ళు కాదు వాళ్ళు. కొనేవాళ్ళు కానివాళ్ళకు ఎవురు ప్రకటన సూపిస్తారు?"

అంతకు ముందెప్పుడూ మా అవసరం లోకానికి అంతగా లేదు. అంతకు ముందెప్పుడూ మేము అంత పనికిరానివాళ్ళమూ కాలేదు. రెండూ ఒకే నెలలో జరిగాయి. నేను తర్వాత చాలామంది తెలివైనవాళ్ళ దగ్గర పనిచేశాను. నేను సమాధానపడేలా దీన్ని ఎవరూ చెప్పలేకపోయారు.

కుప్పం దగ్గర నాగవేణి తండ్రి రాళ్ళ క్వారీలో పనిచేసేవాడు. విదేశాలకు పోయే గ్రానైటు ఆగిపోయి క్వారీ కూడా ఆ చలికాలంలోనే మూతపడింది. ఇంటికి ఇక నాగవేణి జీతమే ఆధారం. ప్రేమలతక్క ముందు తన చెవుల కమ్మలు అమ్మింది. ఆ తర్వాత ఒక కంప్యూటరు అమ్మింది. మిగిలిన దాని ముందు వంతులవారీగా కూర్చునేవాళ్ళం.

అప్పుడు వచ్చాడు ఒక ఏజెంటు. కదలకుండా పడుకున్నవాళ్ళ వీపున లేచే పడక పుండ్లకు రాసే ఏదో పొడి తయారుచేసే చిన్న కంపెనీ తరఫున వచ్చాడు. మర్యాదస్తుడే. మా పేజీలు చదివాడు కూడా. పుండ్ల గురించి అక్క రాసిన పేజీ మధ్యలో ఈ పొడి రాస్తే మానిపోతుందని రెండు మాటలు చేర్చాలి, అంతే. మా ముగ్గురికీ ఏడాది గడిచేంత ఇస్తానన్నాడు, ముందే. ప్రేమలతక్క ఆ డబ్బా మూత తీసి పొడి వాసన చూసి, వేళ్ళ మధ్య నలిపి, కుదరదంది. అతను వెళ్ళాక నాగవేణి వెక్కివెక్కి ఏడ్చింది.

"ఒక్క పేజీలో రెండు మాటలు పెడితే ఏమి పోతాదక్కా? అందురూ పెడతాండారు."

"పుండు పైన పొడి సల్లితే పైన ఎండిపోతాది. బాగయిందనుకుంటారు. లోపల ఎముక దాకా పోతాంటాది. నేను కండ్లారా సూసినాను."

"మా ఇంట్లో పొయ్యి ఎట్లుందో అదీ సూడు," అంది నాగవేణి.

రెండు రోజుల తర్వాత ప్రేమలతక్కే ఏజెంటుకు ఫోను చేసింది. ఆ రెండు మాటలు నన్ను రాయమనలేదు. తనే టైపు చేసింది. టైపు చేశాక కుర్చీలోంచి లేవబోయి, నడుం పట్టేసి, గోడ పట్టుకుని నిలబడిపోయింది.

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం ప్రేమలతక్క అన్నం ముందు కూర్చుని మెయిళ్ళు తెరిచింది. ఎవరో ఒక కూతురు అడిగింది. వాళ్ళమ్మ వీపు మీది పుండు అరచేయంత ఉందట. ఆ పొడి మా ఊళ్ళో దొరకదు, తెప్పించుకునేలోపల దాని బదులు ఏం వాడమంటారు, మీరు చెప్పిందే చేస్తాను అని రాసింది. ప్రేమలతక్క కంచం పక్కకు జరిపింది. ఆ పేజీ తెరిచి తను చేర్చిన మాటలు తీసేసింది. ఆ కూతురికి జవాబు రాసింది, పొడి వద్దు, డాక్టరుకు చూపించమని. ఏజెంటు ఇచ్చింది తిరిగి పంపేసింది.

ఆ శనివారం మమ్మల్నిద్దరినీ కూర్చోబెట్టి, "ఈ నెలతో సాలు. ఇంగ నా సేత కాదు," అంది.

నాగవేణి తన పెన్సిళ్ళు సంచీలో వేసుకుంది. ఏడవలేదు. గుమ్మం దగ్గర ఆగి, "ఆ పొడి పేరు ఉంచిండింటే నేను ఈడ్నే ఉండేదాన్ని," అంది.

"అవునమ్మా," అంది ప్రేమలతక్క. "ఉండేదానివి."

సమర్థించుకోలేదు. బుజ్జగించలేదు. నాగవేణి కోపం న్యాయమైనదేనని ఒప్పుకుని, ఆ కోపాన్ని దానికే వదిలేసింది. ఒకరికి మేలు చేస్తే ఇంకొకరి ఇంట్లో పొయ్యి ఆరిపోయే రోజులు ఉంటాయి. అలాంటప్పుడు తనకు తాను మంచిదాన్నని చెప్పుకోకుండా నిలబడటం ఎలాగో నేను ఆ గుమ్మంలో చూశాను.

నాగవేణి కుప్పం నుంచి రైల్లో బెంగళూరు బట్టల ఫ్యాక్టరీకి పోవడం మొదలుపెట్టింది. నేను దాదాపు ఏడాది నాన్న దుకాణంలో గిన్నెలు తుడుస్తూ కూర్చున్నాను. తర్వాత బెంగళూరులో ఆసుపత్రి యంత్రాలకు వాడుక సూచనలు రాసే పని దొరికింది. ప్రేమలతక్క ఒక్కతే ఇంకొంత కాలం మెయిళ్ళకు జవాబులు రాసింది. గది ఖాళీ చేశాక బ్రౌజింగ్ సెంటరుకు పోయి రాసింది. చివరికి ఇళ్ళలో రోగులను చూసుకునే పనికి ఒప్పుకుంది. బరువులెత్తకూడని నడుముతో మళ్ళీ మనుషుల్ని ఎత్తడానికి పోయింది. మదనపల్లెలో ఒకరింట్లో చేసి, తర్వాత కుప్పంలో ఒక బట్టల వ్యాపారి తల్లిని చూసుకోవడానికి వెళ్ళింది.

వెబ్‌సైటు పేరుకు ప్రతి ఏడూ కట్టుకోవలసిన రుసుం ఉంటుంది. కుప్పం వెళ్ళిన సంవత్సరం ఆమె కట్టలేకపోయింది. నాకు చెప్పి ఉంటే నేను కట్టేదాన్ని. చెప్పలేదు. ఒకరోజు ఆఫీసులో ఏదో వెతుకుతూ అలవాటుగా ఆమె పేరు కొట్టాను. తలగడలు ఎలా సర్దాలో చెప్పే చోట ఎర్రటి అక్షరాలు మెరుస్తున్నాయి. పేకముక్కలు, తిరిగే చక్రం, ఆడండి గెలవండి అన్న మాటలు. పైన ఆమె పేరు అలాగే ఉంది. వదిలేసిన పేరును ఎవరో కొనుక్కుని జూదం అంగడి పెట్టారు. ఆ పేరును నమ్మి వచ్చే జనం ఉన్నారు కదా, అదే వాళ్ళకు కావలసింది.

ఆ ఆదివారమే కుప్పం రైలెక్కాను. నాగవేణి స్టేషనుకు వచ్చింది. అదే నన్ను ఆ ఇంటికి తీసుకెళ్ళింది. సెలవు దొరికినప్పుడల్లా అది అక్క దగ్గరికి వస్తుందని అప్పుడే తెలిసింది. "ఎన్నాళ్ళని కోపం పెట్టుకుంటా?" అంది దారిలో, నేను అడగకుండానే.

ప్రేమలతక్క ముసలామెను పక్కకు తిప్పుతోంది. మమ్మల్ని చూసి ఆపలేదు. తిప్పి, వీపు చూసి, తలగడ పెట్టి, దుప్పటి సర్ది, అప్పుడు మంచం పట్టె పట్టుకుని మెల్లగా నిటారైంది. ముఖం పాలిపోయి ఉంది. నేను ఎలా మొదలుపెట్టాలో తెలియక తడబడుతుంటే తనే అంది.

"నా పేరు మీద జూదమాడిస్తాండారంట గదా. సూసినాను."

"మళ్ళీ కొత్త పేరుతో పెడదామక్కా. రాసినవన్నీ నాకాడ ఉండాయి. నేను సేస్తాను."

"ఎవురికి తెలుస్తాది ఆ పేరు?" అంది. దుప్పటి అంచు సర్దుతూ, నా ముఖంలోకి చూడకుండా, "పేజీలు పోతే పోయినాయిలే సుజాతా. మెయిళ్ళు కూడా ఆ పేరుండే అడ్రసుకే వస్తాండె గదా, ఇంగ నాకు రావు. అడిగినోళ్ళు జవాబు కోసం సూస్తాంటారు. సిస్టరమ్మ యాల పలకలేదని అనుకుంటారు. అది ఒక్కటే నాకు..." అని ఆగిపోయింది. నాగవేణి ఆమె చెయ్యి పట్టుకుంది. లోపలి నుంచి ఇంటామె పిలిస్తే అక్క వెళ్ళిపోయింది.

తర్వాతి సంవత్సరం వానల్లో ఆమెకు జ్వరం వచ్చింది. మామూలు జ్వరమేననుకుని పనిలోనే ఉంది. ఆసుపత్రికి తీసుకెళ్ళేసరికి ఆలస్యమైంది. మదనపల్లెలో సమాధి చేశారు. పాస్టరుగారు మంచి మాటలు చెప్పారు. ఆమె ఎంతో కాలం రోగులకు సేవ చేసిందని, తల్లిని కన్నబిడ్డలా చూసుకుందని, వినయం గల మనిషని. అన్నీ నిజమే. వెబ్‌సైటు మాట ఎవరూ ఎత్తలేదు. వాళ్ళకు తెలియదు. తెలిసిన ఒకరిద్దరు అది నడవక మూసేసిన వ్యాపారం అనుకున్నారు. నేను ముందుకు వెళ్ళి చెబుదామనుకున్నాను. ఏమని చెప్పాలి? కనిపించని గోడల వెనక, పేరు తెలియని ఊళ్ళలో, ఈమె చెప్పినట్టు చేతులు కదిపిన మనుషులు ఉన్నారని చెబితే ఆ కొద్దిమందికి ఏం అర్థమవుతుంది? నాగవేణి నా పక్కనే నిలబడి నేలకేసి చూస్తోంది. వాన మొదలైంది. మట్టి వేయడం తొందరగా ముగించారు.

ఒక మనిషి చనిపోతే కబురు పంపుతాం. కబురు అందినవాళ్ళు వస్తారు, రాలేనివాళ్ళు దూరం నుంచే ఏడుస్తారు. ప్రేమలతక్క పోయిన కబురు అందవలసిన మనుషుల్లో చాలామందికి నేటికీ అందలేదు. వాళ్ళ పేర్లు నాకు తెలియవు. వాళ్ళు వెతుక్కుంటూ వచ్చే చోటు ఇప్పుడు మాది కాదు. ఆ కబురు నా దగ్గరే ఉండిపోయింది. ఎవరికి చెప్పాలో తెలియక ఇన్నేళ్ళుగా మోస్తూనే ఉన్నాను.